గాలికొండ కింద ఆగినవాడు

జోగారావు మాస్టారు నిలబడి ఏ ప్రశ్నకూ జవాబు చెప్పేవారు కాదు. ఎవరైనా ఏదైనా అడిగితే తన పాత సైకిలు స్టాండు తీసి, "పద, తొక్కుతూ మాట్లాడుకుందాం" అనేవారు. తొక్కడం మొదలయ్యాక ఇక మాట్లాడేవారు కాదు. విజయనగరంలో ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం తెల్లవారేసరికి ఆయన ఇంటిముందు పదిమందికి తక్కువ కాకుండా సైకిళ్లతో చేరేవాళ్లు. గేర్లు లేని రోజులవి. సైకిలంటే ఇనుము. క్యారియరు, చైన్‌కవరు, మడ్‌గార్డులు అన్నీ విప్పేసినా భుజం మీద మోస్తే మూలిగేంత బరువుండేది. ఇప్పుడు మనవలకి ఆ బరువు చెబితే, "అలాంటిదాన్ని కొండెక్కించారా తాతా?" అని నవ్వుతారు. ఎక్కించారు మరి.

ఆ పదిమందిలో తవిటినాయుడొకడు. జూట్ మిల్లులో బదిలీ పని అతనిది. అంటే ఎవరైనా రాకపోతే ఆ పూట పని, అందరూ వస్తే గేటు దగ్గర్నుంచి ఇంటికి. కొండ మీద మాత్రం అతనికి ఎదురు లేదనేవాళ్లు. ఆ ఏడు రైల్వే వాళ్లు తమ సైకిలు జట్టుకి కొండలెక్కగల మనిషి కోసం చూస్తున్నారని కబురొచ్చింది. కొండల సవారీ చూడ్డానికి వాళ్ల కోచ్ స్వయంగా వస్తాడట. మూడు కొండలూ అందరికన్నా త్వరగా ఎక్కినవాడికి పర్మనెంటు ఉద్యోగం. మరుసటి ఏటికి తవిటినాయుడికి వయసు దాటిపోతుంది. మిల్లు గేటు తప్పాలంటే ఈసారే తప్పాలి.

సవారీకి వారం ముందు అతను మాస్టారి గుమ్మంలో నిలబడి అడిగాడు. "మాస్టారూ, నేను తయారయ్యేనని నాకెలా తెలుస్తాది?"

మాస్టారు స్టాండు తీశారు. ఇద్దరూ నెల్లిమర్ల దాకా వెళ్లి తిరిగొచ్చారు. దారిలో మాటల్లేవు. గుమ్మం ముందు దిగాక కూడా మాస్టారు, "చైనుకి నూనె పెట్టు" అని మాత్రం అన్నారు.

కొండల సవారీ గురించి తెలియనివాళ్లకి కాస్త చెప్పాలి. ఏటా కార్తీకంలో జరిగేది. విజయనగరంలో బయల్దేరి, శృంగవరపుకోట మీదుగా ఘాట్ ఎక్కి అరకు చేరాలి. చదును రోడ్డు మీద ఎవరి ఇష్టం వాళ్లది. కోటలో ఆగి ఇడ్లీ తిన్నా, చెట్టుకింద చుట్ట కాల్చుకున్నా అడిగే నాథుడు లేడు. గడియారం చూసేది మూడు కొండల దగ్గరే. కొండ కింద రోడ్డుకి అడ్డంగా సున్నపు గీత. అక్కడ ఒక మనిషి సుద్దముక్క పట్టుకుని ఉంటాడు. ప్రతి ఒక్కరి వీపు మీదా నల్లగుడ్డ పేలిక కుట్టి ఉంటుంది. నువ్వు గీత దాటే క్షణాన ఆ పేలిక మీద టైము రాస్తాడు. పైన ఉన్నవాడు నీ వీపు చూసి, తన గడియారం చూసి లెక్క కడతాడు. నువ్వు కదిలితేనే నీ గడియారం కదులుతుంది. అందుచేత కింద ఎంతసేపు ఆగినా నష్టం లేదని అందరూ అనుకునేవాళ్లు.

రెండే రెండు షరతులు. కొండ మీద మంచు దిగిందంటే పైవాళ్లు గడియారం మూసేసి వచ్చేస్తారు. మంచులో బస్సుల వాళ్లకి సైకిళ్లు కనపడవు. రెండోది, సుద్ద పట్టినవాడు ఎవరితోనూ "వెళ్లు" అని గానీ "ఆగు" అని గానీ అనకూడదు. ఒక ఏడు ఒకాయన తన బావమరిది చెవిలో ఏదో ఊదాడని అరకులో భోజనాల దగ్గర పెద్ద రగడైంది. సాంబారు గిన్నెలు ఎగిరాయి. అప్పట్నుంచీ ఆ షరతు పుట్టింది.

ఆ ఏడు మూడో కొండ, అంటే గాలికొండ కింద, సుద్ద జోగారావు మాస్టారి చేతిలో పడింది.

మొదటి రెండు కొండల్లోనూ తవిటినాయుడిదే పైచెయ్యి. అయితే టైము లెక్కలో సన్యాసిరావనే విశాఖపట్నం కుర్రాడు కొద్ది తేడాతో వెనకే ఉన్నాడు. రెండో కొండ చివరి మలుపులో ఊపిరందక కాస్త నెమ్మదించానని తవిటినాయుడి మనసులో ముల్లు. మూడో కొండ కిందికొచ్చేసరికి సన్యాసిరావు అప్పటికే పైకెళ్లిపోయాడు. తవిటినాయుడు దిగి, సైకిలు రాయికి ఆనించి, కల్వర్టు మీద కూర్చున్నాడు. ఈసారి ఊపిరి పూర్తిగా కుదిరాకే గీత దాటాలని అతని పట్టుదల.

"ఎల్లనా మాస్టారూ?" అన్నాడు కాసేపయ్యాక.

"నీ వీపు నీది. సుద్ద నాది," అన్నారు మాస్టారు.

ముందు చెమట ఆరాలనుకున్నాడు. ఆరింది. ఆరేసరికి కాళ్లు చల్లబడ్డాయి. లేచి కాసేపు రోడ్డు మీద గెంతాడు. గెంతితే మళ్లీ ఆయాసం. నీళ్లు తాగాడు, కడుపు బరువెక్కింది. అది దిగేలోపు కర్రల లారీ ఒకటి నల్లటి పొగ వదులుతూ పైకి పోయింది. ఆ పొగ పోవాలనుకున్నాడు. పొగ పోయాక వెనక టైరు నొక్కి చూసి, పంపు తీశాడు.

ఈలోగా కోటలో టిఫిన్ల దుకాణం పెట్టుకున్న ముత్యాలు వచ్చాడు. భారీ మనిషి. ఇతని పోరు పడలేక ఏడాదికొక్కరోజు ఇంట్లోవాళ్లే సవారీకి తోలేస్తారని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. అతను సీటు మీంచి దిగలేదు. ఒక కాలు నేలకానించి వీపు వంచాడు.

"గీసీండి మాస్టారూ. దిగితే మరెక్కలేను." అంటూనే తవిటినాయుణ్ని చూశాడు. "ఏటి నాయుడూ, అలా కూకున్నావు? పెళ్లివారొస్తారేటి?"

"ఊపిరి కుదరాల."

"నాకు పుట్టిన కాడ్నించి కుదర్నేదు," అని ముత్యాలు మూలుగుతూ మలుపు తిరిగాడు. అతని సైకిలు కిర్రుమనే చప్పుడు చాలాసేపు వినపడింది.

మాస్టారి చేతిలో సుద్ద పుటుక్కున విరిగింది. చిన్న ముక్క పారేసి పెద్దది పట్టుకున్నారు. కాసేపటికి అదీ విరిగింది. ఆయన కొండ కొమ్ము వైపు చూశారు, శిష్యుడి వైపు చూశారు, ఏదో అనబోయి పెదాలు బిగించుకున్నారు. పైన సిల్వర్ ఓక్ చెట్ల మధ్య సన్నగా తెల్లటి పాయ ఒకటి కదులుతోంది. తవిటినాయుడూ చూశాడు. లేచి హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. గుండె దడదడలాడుతోంది. ఇది తగ్గాక, అనుకున్నాడు. అది తొక్కిన దడ కాదు. తొక్కిన దడ ఎప్పుడో తగ్గింది. ఇది కూర్చున్నకొద్దీ పెరిగిన దడ. ఆ తేడా అతనికి ఆ పూట తెలియలేదు.

జీపు పగలే లైట్లు వేసుకుని దిగొచ్చింది. పైన గడియారం చూసే పెద్దమనిషి తల బయటికి పెట్టి, "ఐపోయింది మాస్టారూ. పైన చెయ్యి చాపితే చెయ్యి కనపడ్డం లేదు. ఈయన్ని కోటలో బస్సెక్కించాలి," అన్నాడు.

ముందు సీట్లో రైల్వే కోచ్ ఉన్నాడు. తవిటినాయుడి వీపు మీది నల్లగుడ్డ వైపు చూశాడు. దాని మీద రెండు కొండల రాతలే ఉన్నాయి.

"రెండు కొండలూ అదరగొట్టినతను ఇతనేనా? ఏమైంది, పంక్చరా?"

"పంక్చర్ కాదండి," అన్నారు మాస్టారు.

కోచ్ ఇంకేదైనా చెబుతారేమోనని చూశాడు. జీపు కిందికి వెళ్లిపోయింది.

తవిటినాయుడు పంపు తీసి సైకిలుకి కట్టుకున్నాడు. ఆ ముడి వెయ్యడానికి చాలాసేపు పట్టింది. మాస్టారు మిగిలిన సుద్దముక్కలు కల్వర్టు మీద పెట్టి, చేతులు పంచెకి తుడుచుకున్నారు. సుద్ద చేతిలో లేదు కాబట్టి ఇప్పుడా మాట అనొచ్చు.

"వెళ్లు," అన్నారు. "అన్నం అరకులో కదా."

ఆ ఎక్కడం గురించి తవిటినాయుడు ముసలితనంలో కూడా చెప్పేవాడు. ఉద్యోగం పోయిన సంగతి ఒక్క ముక్కలో తేల్చేసేవాడు, ఈ ఎక్కడం మాత్రం మలుపు మలుపునా చెప్పేవాడు. మొదటి మలుపులోనే ఊపిరి పోయింది. కళ్లు మండాయి. ఎవరి మీద కోపమో తెలియక పెడల్ మీద చూపించాడు. రెండో మలుపులో దిగిపోదామనుకున్నాడు. దిగితే మాస్టారు వెనకాల వస్తారు, ఏ మొహంతో చూడ్డం? అందుకని దిగలేదు. తర్వాత మంచు లోపలికి పోయాడు. ముందు చక్రం తప్ప ఏమీ కనపడలేదు. గంట కొట్టుకుంటూ అంచు పట్టుకుని పోయాడు. కాఫీ తోటల్లోంచి తడి ఆకుల వాసన. ఎక్కడో దిగువన రైలు సొరంగంలో దూరుతూ కూత వేసింది. ఆ కూత ఆగేసరికి తన ఊపిరి తనకి వినపడింది. ఒక్కో తొక్కుకి ఒక్కో ఊపిరి, గడియారంలా. ఎప్పుడు మొదలైందో తెలియదు. కాళ్లు ఎవరివో అన్నట్టు వాటంతటవే తిరుగుతున్నాయి. అలా తొక్కడం అంతకుముందు లేదు, ఆ తర్వాత కూడా రెండు మూడుసార్లకి మించి లేదని చెప్పేవాడు.

పైన ఎవరూ లేరు. సున్నపు గీత సగం చెరిగి ఉంది. చుట్టూ అరటిపండు తొక్కలు. అతను రాతి మీద కూర్చుని ఎదురుచూశాడు. చాలాసేపటికి మాస్టారు సైకిలు నడిపించుకుంటూ మంచులోంచి వచ్చారు. కళ్లజోడు తీసి తుడుచుకుని, పక్కన కూర్చున్నారు.

"పోయింది మాస్టారూ," అన్నాడు తవిటినాయుడు.

"పోయింది," అన్నారు మాస్టారు. ఓదార్చలేదు. "ఊపిరి కుదిరిందా?" అని అడిగారు.

"కుదిరింది."

"ఎక్కడ?"

"సగం ఎక్కేక. రైలు కూసింది సూడండి, అక్కడ."

మాస్టారు తలూపి, లేచి, సైకిలు స్టాండు తీశారు. ఎక్కబోతూ ఆగి అన్నారు.

"అది ఉండేది అక్కడేరా. కిందికి తెచ్చుకోవడం నాకూ చేతకాలేదు."