తడక చాటున పేక

కూర్మాచార్యులవారి వైద్యశాలలో జూదం మాన్పించే చేదు మందొకటి ఉండేది. అది కొందరిని ఇట్టే దారిలో పెట్టేది. కొందరికి మాత్రం జూదం పోకపోగా కాలేయం చెడేది. ఆయన శిష్యుడు భీమశంకరానికి విశ్వపతి అనే అన్న ఉన్నాడు. పేకాటలో పడి ఇల్లు గుల్ల చేస్తున్నాడు. "గురువుగారూ, ఈ మందు ఎవరికి పడుతుందో ముందే తెలుసుకునే దారి లేదా? మా అన్నకు ఇద్దామంటే భయం, ఊరుకుందామంటే ఇంకా భయం" అని శిష్యుడు మొరపెట్టుకున్నాడు.

అడిగిన వెంటనే జవాబు చెప్పడం ఆచార్యులవారి ఇంటా వంటా లేదు. మర్నాడు విశ్వపతినీ, అదే రోగంతో వచ్చిన దాలయ్య అనే పడవ సరంగునూ అరుగు మీద కూర్చోబెట్టారు. శిష్యుడి చేతికి ఒక పేకకట్ట ఇచ్చి, తడక వెనక కూర్చుని కలుపుతూ ఉండమన్నారు. వైద్యశాలలో ఇదేం పనని భీమశంకరం మనసులోనే గొణుక్కున్నాడు.

"మీ నాన్న తాగేవాడా?" అని ఆచార్యులవారు ఇద్దరినీ అడిగారు.

"తాగి తాగే పోనాడు బాబూ" అన్నాడు దాలయ్య.

విశ్వపతి నొచ్చుకున్నాడు. వాళ్ల నాన్న మజ్జిగ తప్ప మరొకటి ఎరగడు, అదీ పలచగా. అంతలో తడక వెనక పేకముక్కలు చప్పుడు చేశాయి. ఇంకేదో చెప్పబోతున్న దాలయ్య ఆ మాటే మరిచిపోయాడు. మెడ అటు తిరిగింది, వేళ్లు గాలిలోనే ముక్కలు పంచసాగాయి. "ఎవులు బాబూ, కలుపుతున్నారు?" అన్నాడు తడక వైపు జరుగుతూ.

విశ్వపతి ఆ చప్పుడు విన్నట్టే లేడు. తన గోడు తను చెప్పుకుపోతున్నాడు. "మా ఆవిడ పోయాక ఇంట్లో నేను వచ్చానో లేదో చూసేవాళ్లు లేరండీ. పేకాట దగ్గరైతే, ఆలస్యమైనా నా కోసం చోటు ఉంచుతారు."

తడక వెనక భీమశంకరం చేతులు ఆగిపోయాయి. అన్నతో కలిసి అన్నం తిని ఎన్నాళ్లయిందో అతనికి గుర్తు రాలేదు. సిగ్గుతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆచార్యులవారు మందు పొట్లం కట్టి దాలయ్య చేతిలో పెట్టారు. "తండ్రికి తాగుడు, నీకు పేక చప్పుడు వింటేనే ఆత్రం. అలాంటివాళ్లకే ఈ మందు పడుతుంది. ఇది నీకు పనిచేస్తుంది, పోయి రా" అన్నారు. ఆ గొంతులో అనుమానం ఇసుమంతైనా లేదు. నెల తిరిగేసరికి పనిచేసింది కూడా.

దాలయ్య అటు వెళ్లగానే భీమశంకరం తడక వెనకనుంచి బయటికి వచ్చి, "మరి మా అన్నకు?" అన్నాడు.

ఆచార్యులవారు మందు డబ్బాకు మూత బిగించారు.

"రాత్రి మీ అన్నకు వడ్డించేదెవరు, నాయనా?"