మజ్జిగకు కొత్త కుండలు

రెండో జాము గంట కొడుతుండగా కుమ్మరి నాంచారి చలివేంద్రంలో ఆగి ముంతెడు నీళ్లు తాగింది. నీళ్లు వేడిగా ఉన్నాయి. ధర్మానికని ఏటా వేసవిలో కుమ్మరులు ఊరికే ఇచ్చే కొత్త కుండలన్నీ పక్కనున్న మజ్జిగ అంగడిలో కనిపించాయి. ఆ అంగడి పెట్టింది చలివేంద్రం నడిపే ధర్మాధికారి విరూపాక్షయ్యే. నీళ్లకు పాత కుండలు మిగిలాయి. సన్నని రంధ్రాలు పూడుకుపోయి వాటిలో నీళ్లు చల్లబడవు. దాహం తీరని బాటసారులు చేసేది లేక మజ్జిగ కొంటున్నారు.

నాంచారి మొరపెట్టుకోగా రాజుగారే స్వయంగా వచ్చారు.

"ప్రభూ, మజ్జిగ లాభంతోనే చలివేంద్రం నడుస్తోంది," అన్నాడు విరూపాక్షయ్య.

"అయితే రెండూ ఒకటే ధర్మం కదా బాబయ్యా! మజ్జిగ కూడా ఊరికే పొయ్యండి," అంది నాంచారి.

"ఒకటెలా అవుతాయే? ఇది ధర్మం, అది వ్యాపారం. దేని దారి దానిదే!"

"సరే. ధర్మానికిచ్చిన కుండలు ధర్మానికి వదిలేసి, మీ మజ్జిగ మీరు పట్టుకెళ్లండి."

"దేంట్లో పట్టుకెళ్లనే?"

రాజుగారు నవ్వు ఆపుకున్నారు. దాహంతో ఆగిన బండివాళ్లు అప్పటికే మజ్జిగకు దోసిళ్లు పట్టారు.

వారం తర్వాత ఒక సంగతి తెలిసింది. విరూపాక్షయ్య సొంతంగా కుండలు కొని అంగడి మళ్లీ తెరిచాడు. చల్లని నీళ్ల కోసం ఆగినవాళ్లే మజ్జిగ కూడా కొంటున్నారట, మునుపటికంటే ఎక్కువగా.