మసి పూయని ఆకు

రండి తల్లీ, రండి నాయనా, దగ్గరగా జరిగి కూర్చోండి. వెనక ఉన్న పెద్దలు ముందుకొస్తే నా గొంతుకు శ్రమ తగ్గుతుంది. శివయ్యను ఒక్కసారి తలుచుకోండి. ఇక వినండి.

పెన్న ఒడ్డున ఒక మఠం. అక్కడ మరులయ్య స్వామి గురువు, సంగమయ్య శిష్యుడు. సంగమయ్య మంచివాడే, శివకథను పద్యాలుగా రాస్తున్నాడు. కానీ ఆ ఏడు అతని గుండెలో ఒక ముల్లు దిగింది. శివరాత్రినాడు మొదటిసారి నలుగురిలో పురాణం చదువుతుంటే, ఎద్దుల బేరగాడు తిప్పన్న అరిచాడు:

"చిన్నసామీ, అది గొంతా, నూనె లేని గానుగా?"

సభ గొల్లుమంది. సంగమయ్య ఆ పూట అన్నం ముట్టలేదు.

పాతకాలం కవులు కావ్యం మొదట్లో దేవుడికి మొక్కి, పెద్ద కవులకు మొక్కి, ఆ తర్వాత ఒక పద్యంలో తులువలను దులిపేవాళ్లు. తులువ అంటే ఏమిటంటారా? నోటికి కళ్లెం లేని మొరటువాడని. ఇప్పుడెవరూ అనరు గాని, పదునైన మాట. ఆ కవులు పేరు పెట్టేవాళ్లు కారు. తగినవాడే తగిలించుకుంటాడని వదిలేసేవాళ్లు.

సంగమయ్య వదల్లేదు. "ఎద్దుల గంటల వెనక తిరిగే తులువ" అంటూ ఒక పద్యం కట్టి, దానికోసమే ఒక తాటాకు తీసి, గంటంతో లోతుగా గీశాడు. ఆ ఊళ్లో ఎద్దుల బేరగాడు ఒక్కడే మరి!

తెల్లారితే మఠంలో ఆ కావ్యం పారాయణం. మరులయ్య ఆకులన్నీ చూశారు.

"ఈ పద్యం ఉండాలా?"

"ఉండాలి స్వామీ. పెద్దలు పెట్టిన ఆచారమే కదా."

"తిప్పన్నకు కూతురుంది. రేపటినుంచి ఆ పిల్లను ఏమని పిలుస్తారు?"

"తులువ కూతురంటారు. అననీండి. నన్ను గానుగ అన్ననాడు ఒక్కరైనా అడ్డుపడ్డారా? ఈ పద్యం మాత్రం తీయను."

గురువు చెయ్యి చాచారు. "మసి నేను పూస్తాలే, కట్ట ఇలా ఇవ్వు" అన్నారు.

తాటాకు మీద గంటం గీస్తుందే గాని, గీత కంటికి ఆనదు. దీపపు మసి నూనెలో కలిపి ఆకంతా రుద్ది తుడిస్తే, గీతల్లో నలుపు నిలిచి అక్షరాలు లేచి కూర్చుంటాయి. అది శిష్యులు చేసే పని. పెద్దాయన తానే చేస్తానంటే సంగమయ్యకు సిగ్గేసింది. అయినా పట్టు వదల్లేదు.

మరునాడు మఠం నిండిపోయింది. ముందు వరసలో తిప్పన్న, ఒళ్లో కూతురు. సంగమయ్య దేవుడికి మొక్కాడు, పెద్దలకు మొక్కాడు, ఆకు తిప్పాడు.

ఖాళీ ఆకు!

వేలితో తడిమాడు. గీతలన్నీ ఉన్నాయి. మసే లేదు.

పద్యం కంఠతా వచ్చు. నాలుక చివరే ఉంది. గురువు వైపు చూశాడు. ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు, వేళ్ల సందుల్లో ఇంకా నలుపు. తిప్పన్న ఒళ్లో పిల్ల, కథ ఎప్పుడు మొదలవుతుందా అని నోరు తెరుచుకుని చూస్తోంది.

సంగమయ్య గొంతు సవరించుకున్నాడు. ఇంకో ఆకు తిప్పి, కథ ఎత్తుకున్నాడు.

అంతా అయ్యాక తిప్పన్న పిల్లను భుజాన వేసుకుని వచ్చాడు. "ఏం చిన్నసామీ, గానుగకు నూనె పెట్టినట్టున్నావే! ఇవాళ బాగా తిరిగింది."

సంగమయ్యకు నవ్వాగలేదు.

జనం కదిలాక గురువు దగ్గరకు వెళ్లాడు. "స్వామీ, ఆ ఆకు సంగతి మరిచారా?"

"మరవలేదు. గీసింది పోదు నాయనా. మసి పూయడమే మన చేతిలో ఉంది." మసి చిప్ప అతని ముందుకు జరిపారు. "కావాలంటే ఇప్పుడు పూసుకో."

సంగమయ్య చిప్ప పట్టుకుని పెన్నలోకి దిగి, శుభ్రంగా తోమి, ఒడ్డున బోర్లించి వచ్చాడు.

అమ్మలారా, అయ్యలారా, ఇంకేం మరిచినా సంగమయ్య ఆకు తిప్పడం మరవకండి. ఇంటికెళ్లాక మీరూ మనసులో గీసుకున్న ఒక ఆకు తిప్పండి.