కావలికొండ అమ్మవారు అటు తిరిగి ఉండటానికి కారణం

కావలికొండ ఎక్కి వచ్చిన భక్తులకు ముందుగా కనిపించేది అమ్మవారి వీపు. నల్లరాతి మూర్తి కొండ అంచుకు ఎదురుగా, లోయను చూస్తూ నిలబడి ఉంటుంది. ఇంత దూరం వచ్చి వీపుకు దండం పెట్టడమేమిటని కొత్తవారు నొచ్చుకుంటారు. కథ విన్నాక ఆ మాట అనరు.

పూర్వం ఇక్కడ ఎర్రయ్య అనే పశువుల కాపరి, భార్య పోలమ్మతో పాక వేసుకుని ఉండేవాడు. ఒక తొలకరిలో పేడ మీద మొలిచిన పుట్టగొడుగులను ఆకలికి తిన్నాడు. రాయీ గడ్డీ ఆవూ తానూ ఒకే వెలుగుగా కనిపించాయి. అందులో తాను ఎక్కడున్నాడో వెతికినా దొరకలేదట. ఆ వెలుగు అబద్ధమని ఈ క్షేత్రంలో ఎవరూ చెప్పరు. అయితే ఆ స్థితిలో నిప్పూ నీరూ తెలియవు గనుక, ఆ తర్వాత ఏటా తొలకరికి అతను వాటిని తిన్నప్పుడల్లా పోలమ్మ తినకుండా పక్కనే కాపలా కూర్చునేది.

ఒక ఏడు ఆమె అడిగింది. "ఎప్పుడూ నువ్వే చూసొస్తావు. నాకొద్దా?"

"ఈసారి నువ్వు తిను. పాపను నేను చూసుకుంటాలే," అని ఎర్రయ్య మాట ఇచ్చాడు. వారి బిడ్డ అప్పుడప్పుడే నడక నేర్చింది.

పోలమ్మ ముఖంలోని ఆనందం చూస్తూ ఊరికే కూర్చోవడం అతనికి చేతకాలేదు. ఒక్కటి తింటే ఏమవుతుందిలే అనుకుని నోట్లో వేసుకున్నాడు. బిడ్డ తప్పటడుగులు వేస్తూ అంచుకు పోవడం ఇద్దరూ చూశారు. అంతా ఒకటే అయిన ఆ వేళ పడేదెవరో, పట్టుకోవలసిందెవరో వారికి వేరుగా తోచలేదు. నవ్వుతూనే చూశారు.

మైకం దిగాక పోలమ్మ, "పాపేది?" అంది. ఎర్రయ్య లోయ వైపు చూశాడు.

"నిన్ను నమ్మి తిన్నాను కదయ్యా," అని, ఆమె అంచు వైపు తిరిగి నిలబడింది. అతను ఎంత ఏడ్చినా మళ్లీ ఇటు తిరగలేదు. అలాగే రాయి అయింది.

కొన్నాళ్లకు ఎర్రయ్య కలలోనూ ఆమె వీపే కనిపించింది. "ఆ వెలుగు చూడాలని వచ్చేవాళ్లను రానీ. ఇంటికొకరు మాత్రం చూడకుండా కూర్చోవాలి. ముందు నువ్వు కూర్చో," అంది. అతను బతికినన్నాళ్లూ అంచున కూర్చున్నాడు.

ఒకప్పుడు ఇక్కడ తీర్థంలో ఆ పుట్టగొడుగులే కలిపేవారట. ఇప్పుడిచ్చేది తులసినీళ్లే. అయినా ప్రతి కుటుంబం నుంచి ఒకరు, ఎక్కువగా తండ్రి, తీర్థం పుచ్చుకోకుండా లోయకు వీపు పెట్టి అంచున కూర్చుంటారు. అలా కూర్చున్నవారి ఇంటి బిడ్డలకు అమ్మవారు కావలి ఉంటుందని నమ్మకం. ఆమె ముఖం కనిపించే చోటు కూడా అదొక్కటే. కానీ వారు తలెత్తి చూడరు. పిల్లల మీది నుంచి కళ్లు తీయకూడదు.