పందికి సాష్టాంగం

ఈ కథ విని "ముసలాడు కోతలు కోస్తున్నాడు" అనదలచినవాడు ఎవడైనా ఉంటే ఇప్పుడే లేచి చెప్పులు తొడుక్కోవచ్చు. నేను ఆపను. ఇది ఎవరో చెబితే విన్నది కాదు. ఆ రోజు నిండు కొలువులో నేలమీద బోర్లా పడుకున్న విదూషకుణ్ణి సాక్షాత్తూ నేనే.

కుంకుళ్ళగిరి అని ఒక రాజ్యం ఉండేది. ఇప్పుడు వెతక్కండి, దొరకదు. దాని ప్రభువు భీమకేసరి మహారాజు. ఆయన మీసం ఎంతటిదంటే, కుడి కొస తడిసేలా వాన కురుస్తుంటే ఎడమ కొస ఎండలో ఆరుతుండేది. మనసు మాత్రం వెన్న. ఒక్కటే పిచ్చి ఆయనకి. దేన్నయినా సరే కంటితో చూసి బరువు చెప్పగలనని నమ్మకం. గుమ్మడికాయ గానీ, గుర్రం గానీ, మంత్రిగారి అత్తగారు గానీ, కనబడిందా, బరువు చెప్పేయడమే. చెప్పిందల్లా ఎక్కువే. తన రాజ్యంలో ఏదైనా తేలిగ్గా ఉందంటే ఆయనకి చిన్నతనంగా ఉండేది. కాదనే మొనగాడు లేడు.

కోట వెనకపేటలో పందులు పెంచుకునేవాళ్ళు ఉండేవారు. జాతరకైనా పెళ్ళికైనా కోతకు పెట్టే ప్రతి పందినీ ముందు రాజుగారికి చూపించాలి. ఆయన ఒక బరువు చెబుతారు. అందులో సగం బరువు మాంసం కోటకి చెల్లించాలి. దీన్ని చూపు తూకం అనేవారు. త్రాసు పేరెత్తితే ప్రభువుల కంటిని శంకించినట్టు.

ఆ ఏడు నాంచారి అనే ఆవిడ నా దగ్గరికొచ్చింది. మొగుడు పోయిన మనిషి. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. కొడుకు పెళ్ళి విందుకని ఇంటి వెనక ఒక పందిని పెంచింది. కుడితి పోసి, తవుడు పెట్టి, తను తాగాల్సిన గంజి కూడా దానికే పోసి పెంచింది. దాని ముందుకాళ్ళ వెనక తాడు చుట్టి, ఆ తాడుని జానతో కొలిచి, ఆరు మణుగులని తేల్చుకుంది. కానీ రాజుగారు పదికి తగ్గరని పేటంతా అంటోంది. పదిలో సగం ఐదు. పందిని కోస్తే వచ్చే మాంసం నాలుగున్నర. అంటే పెళ్ళి పందీ పోతుంది, తక్కువపడిన దానికి బదులు ఇంట్లో ఉన్న ఈనే పందినీ తోలుకుపోతారు.

"పెళ్ళికొచ్చినోళ్ళకి ఏం పెట్టాల సామీ? నా మొహం పెట్టాలా?" అంది.

నేను ఉన్నానుగా అన్నాను. ఆ మాట ఎంత గంభీరంగా అన్నానంటే వీధిలో పోతున్న ఏనుగు ఆగి నాకు దారిచ్చింది. నిజం చెప్పాలంటే, ఏం చెయ్యాలో అప్పటికి నాకూ తోచలేదు.

మర్నాడు పొద్దున కొలువు తీరింది. వందిమాగధులు రోజూ పాడే పాటే పాడారు. ప్రభువులు అతులులు, తులలో వారితో తూగే ప్రాణి ఈ సీమలోనే లేదు, అని. రాజుగారికి ఆ పాదమంటే ప్రాణం. అంతకు ముందు నెలలోనే బెల్లంతో తులాభారం తూగి తొమ్మిది మణుగులయ్యారు. ఆ సంగతి ఊరూరా చాటించారు కూడా. ఆ పాట వింటుంటే నా బుర్రలో దీపం వెలిగింది.

నాంచారి పందిని తెచ్చి నిలబెట్టింది. రాజుగారు ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి, మీసం దువ్వి, "పది మణుగులు" అన్నారు.

నేను గబగబా వెళ్ళి ఆ పంది ముందు సాష్టాంగపడ్డాను.

కొలువంతా కొయ్యబారింది. పంది కూడా రెండడుగులు వెనక్కి వేసింది. ఏమిటోయ్ ఈ కోతి వేషం, అన్నారు రాజుగారు.

"కొలువు మర్యాద ప్రభూ. ముందు బరువైనవారికి మొక్కాలి కదా. ఏలినవారు తొమ్మిది, వీరు పది."

వందిమాగధుల్లో పెద్దాయన మెల్లగా, అయితే రేపట్నుంచి ఆ పాదం మార్చాలా అని అడిగాడు. ఆ అమాయకుడికి నేను ఈ జన్మలో రుణం తీర్చుకోలేను.

రాజుగారు సర్దుకుని కూర్చున్నారు. ఎండ కంట్లో పడిందని చెప్పి, తొమ్మిది అన్నారు.

నేను సగం లేచాను. సమానులన్నమాట, సింహాసనం పక్కన వీరికి ఒక పీట వేయించమంటారా అన్నాను. ఆయన ఎనిమిది అన్నారు. నేను నిట్టూర్చి, నాంచారి నాలుగు పూటలు కుడితి ఎక్కువ పోసిందంటే వీరు ప్రభువుల్ని అందుకుంటారు, పేటలో కాపలా పెట్టించాలి అన్నాను. ఆయన ఏడు అని, నా మొహం చూసి, ఆరు అన్నారు.

అక్కడ ఆగాల్సింది. ఆగితే నేనెందుకవుతాను? నాలుగుకి దింపుదామని నోరు తెరిచాను.

నాంచారి అడ్డుపడింది. "చాలు సామీ. ఆరే దొరా, ఖాయం. ఇంకా దించితే నేను పందిని మాడ్చి చంపినట్టు ఉంటాది. వియ్యాలవారి ముందు పరువు పోతాది."

నేను చేసిన మాయంతా ఆ ఒక్క మాటతో బట్టబయలైంది. రాజుగారు నన్ను చూశారు, ఆమెను చూశారు. ఆయన కళ్ళు చిన్నవయ్యాయి. ఆమె వైపే తిరిగి అడిగారు.

"కన్ను నీకు బాగానే ఉంది. అయితే నన్ను చూసి చెప్పు. నేనెంత?"

చూశారా ఇరకాటం! తొమ్మిది అంటే ముఖస్తుతి. ఎక్కువంటే వెక్కిరింత. తక్కువంటే తులాభారం అబద్ధం. నాంచారి అలవాటు కొద్దీ తాడు పట్టుకుని ఆయన చుట్టూ నడవబోయింది. నేను ఒక్క గెంతు గెంతాను. మధ్యలో రెండు స్తంభాలు దాటాను. వెళ్ళి ఆమె నోటికి అడ్డంగా నా ఉత్తరీయం పట్టాను.

"వద్దు ప్రభూ! ఈమె బరువు చెప్పిన ప్రాణి మర్నాటి పొద్దు చూడదు. ఏలినవారు నూరేళ్ళు ఉండాలి."

మీసం కుడి కొస కదిలింది, ఎడమ కొస కదిలింది, ఆ పైన రాజుగారు నవ్వారు. ఎంత నవ్వారంటే, కోటలో పావురాలు లేచి పొరుగు రాజ్యంలో వాలాయి.

నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఆ పెళ్ళి పందిలో కోటకి వాటా లేదన్నారు. ఇకమీదట చూపు తూకానికి తన పక్కన నాంచారి కూర్చుంటుందని, ఆమె తాడు ఎంతంటే అంతేనని చెప్పారు. ప్రభువుల బరువు తప్ప, అని తనే కలిపారు. పెళ్ళికి తనూ వెళ్ళి పీట మీద కూర్చుని తిన్నారు.

నాకేమిచ్చారంటారా? పట్టుశాలువా. మడతపెట్టడానికి ఊరంతా పట్టింది. ఇంటికి తేవడానికి బండి కట్టారు, ఎడ్లు రెండుసార్లు చతికిలబడ్డాయి. నవ్వకండి. ఆ బండి తోలినవాడు ఇంకా బతికే ఉన్నాడు, వెళ్ళి అడగండి. కాస్త చెవుడు, గట్టిగా అడగాలి. వాడి పేరు బోడిగుట్ట ఎర్రప్ప.