దండపాణిగారి సాష్టాంగం

చిత్రగిరి రాజు కుంతలవర్మకు ఉన్నట్టుండి ఒక సరదా పుట్టింది. తను ఎక్కడ కనిపించినా సరే, జనం అక్కడికక్కడే సాష్టాంగపడి దండం పెట్టాలట. పెట్టనివాళ్ళకు ఊళ్ళో చోటు లేదని చాటింపు కూడా వేయించాడు.

ఈ విద్యలో నగరాధికారి దండపాణిని మించినవాడు లేడు. లోపల రాజు తుమ్మినా వసారాలో ఆయన బోర్లా పడేవాడు. ఊళ్ళో ఇళ్ళు మనుషులు ఉండేట్టు ఉన్నాయా లేదా అని చూడడం ఆయన ఉద్యోగం. ఆయనే, రాజుగారి కొత్త మేడ కట్టడానికి వచ్చిన రాళ్ళు కొట్టేవాళ్ళను తన పాత ధాన్యం కొట్టులో కుక్కి అద్దె లాగుతున్నాడు.

ఆ కొట్టులో ఉండే పోలమ్మ ఒకనాడు ఆస్థాన విదూషకుడు తిప్పన దగ్గరికి వచ్చింది.

"బాబయ్యా, ఒక్కో గదిలో మూడేసి కుటుంబాలం. సగంమంది పడుకుంటే సగంమంది కూర్చుంటాం. గోడ నెర్రె విచ్చింది. గాలాడక నా బిడ్డకు ఒకటే దగ్గు. అదేమని అడిగితే వెళ్ళగొడతానంటున్నారు దండపాణిగారు."

"రాజుగారితో చెప్పనా?"

"చెబితే మమ్మల్ని ఊరవతలికి తోలి, ఇల్లు ఊడ్చి ముగ్గేసి చూపిస్తారు. పోయినసారి అదే చేశారు."

తిప్పన గడ్డం గోక్కున్నాడు. "అమావాస్యనాడు మీకు పని ఉండదుగా? అందరూ ఇంట్లోనే ఉండండి. రాజుగారొస్తారు. సాష్టాంగపడదామని చూడండి, చాలు."

"పడలేకపోతే?" అంది పోలమ్మ. "ఊళ్ళోంచి గెంటేస్తారు కదయ్యా!"

"ఆ పూచీ నాది."

అమావాస్యనాడు తిప్పన కొలువులో లేచాడు. "ప్రభూ, మన ఊళ్ళో ఒక ఇంట్లోవాళ్ళు తమరికి సాష్టాంగపడరు."

రాజు ముఖం ఎర్రబడింది. "ఎవరు వాళ్ళు? పదండి చూద్దాం!"

"వాళ్ళ పొగరు నేను దించుతాను ప్రభూ!" అంటూ దండపాణి అందరికంటే ముందు బయల్దేరాడు. దారి తన కొట్టువైపు మళ్ళేసరికి ఆయనకు ముచ్చెమటలు పట్టాయి. వెనక్కి తిరుగుదామంటే వెనక రాజుగారు.

తలుపు తీశారు. లోపల ముసలీ ముతకా, పిల్లా పాపా, భుజానికి భుజం ఆనించి నిలబడి ఉన్నారు. చేతులు మాత్రం పైకెత్తి జోడించారు.

"సాష్టాంగం ఏది?" రాజు ఉరిమాడు.

"వంగుదామంటే ముందువాళ్ళ వీపు అడ్డమొస్తోంది మారాజా" అంది పోలమ్మ.

"అబద్ధం ప్రభూ! గది బోలెడు విశాలం. నేనే స్వయంగా చూశాను!" అన్నాడు దండపాణి.

తిప్పన వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"అయితే ఎలా పడాలో తమరే చూపించండి. వీళ్ళు నేర్చుకుంటారు."

రాజు చూస్తున్నాడు. ఇక తప్పేదేముంది? దండపాణి లోపలికి దూరి, "జయము జయము" అంటూ బోర్లా పడ్డాడు. తల గంజికుండలోకి పోయింది. పొట్ట, ఆ తాకిడికి చతికిలబడ్డ ఒక తాతగారి ఒళ్ళో ఆగింది. ఒక చెయ్యి ఉయ్యాలలో చిక్కుకుంది. ఒక కాలు ఎవరి భుజం మీదో తేలింది.

"ఏమిటయ్యా ఇది?" అన్నాడు రాజు.

"ప్రభూ, ఎనిమిది అంగాల్లో నేలకు తగిలింది ఒక్క మోకాలే. మిగతావన్నీ అద్దెకున్నవాళ్ళ నెత్తినే ఉన్నాయి!" అన్నాడు తిప్పన.

రాజు పకపకా నవ్వాడు. నవ్వి నవ్వి, గోడ నెర్రె కంటబడేసరికి ఆగాడు. "ఈ ఇల్లు ఎవరిది?"

గంజికుండలోంచి సన్నగా వినిపించింది. "నాదే ప్రభూ."

"ఉన్నవాళ్ళంతా ఒకేసారి ఒళ్ళు చాపుకోలేని గదిని ఇకమీదట ఎవరూ అద్దెకివ్వకూడదు. ఇది బాగయ్యేదాకా వీళ్ళు కోట విడిదిలో ఉంటారు. ఖర్చంతా దండపాణిది. ఊళ్ళో ఇళ్ళు చూసే పని ఇవాళ్టినుంచి తిప్పనది!" అని రాజు తన ముత్యాల హారం తీసి తిప్పన మెడలో వేశాడు.

"ప్రభూ, నేనిక లేవచ్చా?" దండపాణి మూలిగాడు.

"ఉండండి బాబూ, ముందు మా అత్తను మీ కిందనుంచి కాలు తీసుకోనివ్వండి!" అంది పోలమ్మ.

వీధి వీధంతా గొల్లున నవ్వింది.