ఒక్క వేలితో కదిలే బండి

మన తాతలు ఎద్దుబండ్ల మీద తిరిగిన రోజుల్లో ఒక రాజ్యానికి మేత కరువొచ్చింది. తక్కువ మేతతో ఎక్కువ దూరం నడిచే బండి చేసినవాడికి ఏడాదికి సరిపడా కలప ఇస్తానని రాజు చాటింపు వేయించాడు.

రథాధికారి దండపాణిరాయుడు ఇత్తడి పువ్వులు తాపిన బండి తెచ్చాడు. "పొద్దుట్నుంచి నడిచినా నా ఎద్దులు గుప్పెడు గడ్డే తిన్నాయి ప్రభూ!" అన్నాడు.

రాత్రంతా మేపి తెచ్చాడని, తనూ ఒక బండి చేసుకొచ్చిన వడ్రంగి కంభాచారికి ఎద్దుల పొట్టలు చూడగానే తెలిసింది. కానీ అధికారిని కాదనేదెవరు? అప్పుడే అతనికి తండ్రి గుర్తొచ్చాడు. ఆయన కొత్త బండిని ఒక్క వేలితో తోసి చూసేవాడు. కదలకపోతే ఇరుసు మళ్లీ చెక్కి, ఆముదం పూసేవాడు.

"ప్రభూ, రెండు బండ్లకీ ఎద్దుల్ని విప్పించండి" అన్నాడు కంభాచారి.

"ఎద్దుల్లేని బండేమిటోయ్!" రాయుడు నవ్వాడు.

"మేత మిగిల్చింది బండో ఎద్దులో తేలాలి కదా దొరా."

కంభాచారి తన బండి కాడి ఎత్తిపట్టుకున్నాడు. రాజు వెనకనుంచి ఒక్క వేలితో తోస్తే బండి చప్పుడు లేకుండా సాగిపోయింది. రాయుడి బండిని రెండు చేతులతో తోసినా కిర్రుమందే గాని కదల్లేదు.

"ఎద్దుల్ని కడితే కదులుతుంది ప్రభూ!"

"ఎద్దుల్ని కడితే బండరాయి కూడా కదులుతుంది దొరా."

రాజు పకపకా నవ్వి కలప ఇప్పించాడు. "ఏ బహుమానానికి ఆశపడి కనిపెట్టాడయ్యా మీ నాయన ఈ పరీక్ష?"

కంభాచారి కళ్లు చెమర్చాయి. "బహుమానం ఎక్కడిది ప్రభూ! మా ఇంటి ఎద్దులు ముసలివి. వాటిమీద జాలితో కనిపెట్టాడు."